మడ అడవి బురద – నేను మూసిన ఒక ఫైలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు నర్సీపట్నంలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్ చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడవలసినవారు బాగానే మాట్లాడారు. "మీరు కూడా ఏదైనా ఒక పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి చేతికి మైకు ఇచ్చి పది నిమిషాలంటే ఎలా సరిపోతుంది? ఒక పావుగంట ఎక్కువ తీసుకుంటాను. ముందే క్షమించండి.

నేను మాట్లాడబోయేది బురద గురించి. నవ్వకండి. సముద్రపు ఒడ్డున మడ అడవుల కింద ఉండే నల్లటి బురద. నేను శాస్త్రవేత్తను కాను. టపాలు విప్పి, పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించి, నోటు పెట్టి, ఫైలు కట్టిన గుమస్తాను. అయినా ఈ విషయం నేనే మాట్లాడాలి. ఎందుకంటే ఈ బురద తాలూకు ఒక ఫైలును మూసింది నా చెయ్యే.

మా సొంత ఊరు ఇదే అయినా, నేను కాకినాడలో చదువుకుని 1972లో అక్కడే ఉద్యోగంలో చేరాను. తూర్పు గోదావరి జిల్లాలోనే ముప్పై అయిదేళ్ళు తిరిగి, 2007లో పదవీ విరమణ చేసి ఇల్లు చేరాను. 1994లో సముద్ర తీరానికి దగ్గరలో ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఏ కార్యాలయమో చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ళదీ నాదీ ఒకటే తప్పు.

ఒకరోజు మడ అడవి అంచున ఉండే ఒక పేట నుంచి ఒక ముసలాయన అర్జీ తెచ్చాడు. వేటగాడు. ఊదారంగు సిరాతో ఎవరో బడిపిల్లాడి చేత రాయించిన కాగితం, కింద పదకొండు వేలిముద్రలు. రొయ్యల చెరువుల నీరు, ఇంకా ఎక్కడెక్కడి నీరో తమ ఏట్లో వదులుతున్నారని, అడుగు పాడైపోయిందని ఫిర్యాదు.

"బాబూ, నీళ్ళు కాదండి, అడుగు బురద పోయిందండి. కాలెడితే దురదండి. పీతలు బొరియల్లోంచి పైకొచ్చి చచ్చిపోతన్నాయండి" అన్నాడు.

అర్జీకి నంబరు వేశాం. సంబంధిత శాఖకు 'తగు చర్య నిమిత్తం' పంపాం. మూడు రిమైండర్లు వేశాక నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఏటి నీటి నమూనాలు తీసి పరీక్షించామనీ, అన్నీ పరిమితులకు లోబడే ఉన్నాయనీ. ఆ మాటే ఎండార్స్‌మెంటుగా నా దస్తూరీతో రాసి, ఆఫీసరుగారి సంతకం పెట్టించి, ముసలాయనకు ఇచ్చి, ఫైలు మీద 'ఎల్.డిస్.' అని వేశాను.

ఎల్.డిస్. అంటే ఇక్కడున్న చాలామందికి తెలుసు, పిల్లల కోసం చెబుతాను. ఆర్.డిస్. అని వేస్తే ఆ ఫైలు శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అయితే పదేళ్ళు. ఎల్.డిస్. అయితే ఏడాది దాటాక చించెయ్యవచ్చు.

ఆ కాగితం అందుకుని ముసలాయన వెంటనే వెళ్ళలేదు. నా బల్ల ముందు నిలబడి, "నీళ్ళు సీసాల్లో పట్టికెళ్ళారండి బాబూ. నీళ్ళు పోటుకొస్తాయి, పాటుకెళ్ళిపోతాయి. ఉండిపోయేది బురదే కదండీ. దాన్నెవరూ పట్టికెళ్ళలేదండి" అన్నాడు.

"రూల్సు ప్రకారం పరీక్ష అయిపోయింది పెద్దాయనా. ఇంకా కావాలంటే పైకి అర్జీ పెట్టుకో" అన్నాను. వెళ్ళిపోయాడు. నేను పక్క సీటు మిత్రుడితో "బురదకు కూడా పరీక్షట!" అని నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

సుమారు ముప్పై ఏళ్ళ తరువాత, మా చెల్లెలి మనవరాలు విశాఖపట్నంలో సముద్ర శాస్త్రం చదువుతూ సంక్రాంతికి మా ఇంటికి వచ్చింది. ఏం పని చేస్తున్నావమ్మా అంటే, "మడ అడవుల బురద తవ్వి పరీక్ష చేస్తున్నాం తాతయ్యా" అంది. నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నీళ్ళు చూస్తే సరిపోదా?" అని అడిగాను. "నీళ్ళు ఆ పూట సంగతే చెబుతాయి. బురద యాభై, వంద ఏళ్ళ సంగతి చెబుతుంది" అంది. ముసలాయన చదువు లేకుండా చెప్పిన మాటే!

ఆ అమ్మాయి నాకు అర్థమయ్యేలా చెప్పిన సంగతులు, తరువాత నేను చదివి తెలుసుకున్నవి మీకు చెబుతాను.

మనకు బాగా తెలిసిన మడ అడవి కాకినాడ దగ్గరి కోరంగి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కోరంగి, గాడేరు అనే పాయల చుట్టూ పెరిగిన అడవి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, పాలు కంట్లో పడితే చూపు తీసే తిల్ల, ఇవీ అక్కడి చెట్లు. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉంటాయి. ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు. ఓడలు కట్టేవారు. అక్కడినుంచి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను రంగూనులో 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది.

ఆ ఉప్పెనలకు అడ్డుగోడ మడ అడవే. 2004 సునామీలో తమిళనాడు పిచ్చావరం దగ్గర మడ వెనుక ఉన్న పల్లెలకు నష్టం తక్కువ జరిగిందని పరిశీలించినవారు రాశారు. చేపపిల్ల, రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగే పురుటిల్లు కూడా మడే. ఇవన్నీ బడిపుస్తకాలలో ఉన్నాయి. పుస్తకాలలో అంతగా లేనిది దాని కింద ఉన్న బురద సంగతి.

మన అమ్మలు కలకనీటి కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు, గుర్తుందా? కాసేపటికి మట్టి అంతా అడుగున పేరుకుని పైన నీరు తేటపడేది. ఏటి నీరు ఉప్పునీటిని కలిసేచోట అదే జరుగుతుంది. నీటిలో తేలే సన్నని బంకమట్టి ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగుతుంది. మడచెట్ల ఊతవేళ్ళు, శ్వాసవేళ్ళు నీటి వేగాన్ని తగ్గించి ఆ దిగేదాన్ని పట్టి ఉంచుతాయి. కాకినాడ తీరానికి ముందు హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అడ్డుగా పెరిగింది కాబట్టి లోపలి నీరు సగం మూసిన చెరువులా ఉంటుంది. దిగింది త్వరగా బయటికి పోదు.

ఇక, ఆ సన్న మట్టి ఒట్టి మట్టి కాదు. దారిలో కలిసిన రాగి, జింకు, సీసం, కాడ్మియం, పాదరసం, పురుగుమందులు, నూనెలు దాన్నే అంటిపెట్టుకుని వస్తాయి. అందుకే పైనీరు పరీక్షలో తేటగా, పరిమితికి లోబడి కనిపిస్తుంది. విషం నీటిలో లేదు మరి, అడుగున ఉంది. 1994లో ఆ సీసాలలో పట్టుకెళ్ళిన నీరు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. మనం అడగవలసినవాణ్ణి వదిలేసి వేరేవాణ్ణి సాక్ష్యం అడిగాం, అంతే.

ఆ బురదలో గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని గంధకంతో బతుకుతాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అందుకే. ఆ గంధకమే చాలా లోహాలను పట్టి బిగించేస్తుంది. అంటే మడ అడవి మన పాపాన్ని తీసుకుని తన కింద దాచుకుంటోందన్న మాట. ఏ ఏడాది పొర ఆ ఏడాదే పేరుకుంటుంది. మా మనవరాలి బృందం పొడుగాటి గొట్టాన్ని బురదలో దింపి, పైకి తీసి, పొరపొరగా కోసి పరీక్షిస్తారట. విన్నప్పుడు నాకు మన రికార్డు రూము గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే, అక్కడ ఎల్.డిస్. అనేది లేదు. కదిలించకుండా ఉంచినంతకాలం అన్నీ ఆర్.డిస్. ఫైళ్ళే.

కదిలిస్తేనే ప్రమాదం. రేవు లోతు చెయ్యడానికి డ్రెడ్జరు పెట్టినా, చెరువు తవ్వడానికి మడ నరికి బురద ఎండబెట్టినా, గాలి తగిలి ఆ గంధకం ఆమ్లంగా మారుతుంది. బిగించిన లోహాలు మళ్ళీ నీటిలోకి వస్తాయి. పాదరసం అయితే బురదలోనే సూక్ష్మజీవుల వల్ల మరింత విషపు రూపం పొంది పురుగులోకి, పురుగునుంచి చేపలోకి, చేపనుంచి మనలోకి ఎక్కుతుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. బురదలో లోహం కనిపించగానే అది కాలుష్యమే అనకూడదు. గోదావరి దక్కను నల్లరాతి నేలలమీదుగా వస్తుంది. ఆ మట్టిలో స్వతహాగానే ఇనుము, రాగి వంటివి ఉంటాయి. అందుకే అడుగు పొరలనూ పై పొరలనూ పోల్చి చూడాలి. ఫ్యాక్టరీలు వద్దని కూడా నేను అనను. వాటిలో మన పిల్లలే పనిచేస్తున్నారు. పరీక్ష సరిగా చెయ్యమనే నా మనవి.

"నర్సీపట్నానికీ మడ అడవికీ ఏమిటి సంబంధం?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మీలో చాలామంది చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు ఏజెన్సీలో ఉద్యోగం చేసినవారే. ఆ కొండల మీద పడ్డ వాన ఎటు పోతుంది? ఇటువైపు వాలినది గెడ్డలమీదుగా వరాహ, తాండవ నదులలో పడి మన జిల్లా తీరానికి పోతుంది. అటువైపు వాలినది సీలేరులో పడి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో చేరి, పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, చివరికి ఆ కోరంగి మడ కాళ్ళదగ్గరకే వెళుతుంది. మన మన్యం మట్టే అక్కడి బురద.

డి.డి.టి. కొట్టేవాళ్ళు జ్ఞాపకమున్నారా? భుజాన పంపు వేసుకుని మన్యం గూడేలలో, మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి గోడలకు కొట్టి, తేదీ వేసి వెళ్ళేవారు. అది మలేరియా నుంచి ఎందరి ప్రాణాలనో కాపాడింది, ఆ మాట మరవకూడదు. కానీ పొలాలలో కూడా దాన్ని విచ్చలవిడిగా వాడాం. వ్యవసాయంలో దాన్ని 1989లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయింది. మనం వాడకం ఆపాం, అయినా మట్టిని అంటుకున్న డి.డి.టి. దశాబ్దాలు ఉంటుంది. సీసం అసలు ఎక్కడికీ పోదు.

ఇతర దేశాల సంగతి కూడా రెండు ముక్కలు. జపాన్‌లో మినమాటా అనే ఊరి దగ్గర ఒక రసాయన ఫ్యాక్టరీ పాదరసాన్ని అఖాతంలో వదిలింది. చేపలు తిన్నవారికి చేతులు వణికి, చూపు తగ్గి, ఎందరో చచ్చిపోయారు. 1956లో జబ్బు బయటపడింది. పాదరసం వదలడం 1968లో ఆగింది. కానీ అడుగు బురద? దాన్ని తవ్వి పూడ్చి శుద్ధి చెయ్యడం 1977లో మొదలుపెడితే 1990కి పూర్తయింది. పనామాలో 1986లో ఒక చమురు ట్యాంకు పగిలి మడ అడవిలోకి నూనె పోయింది. అయిదేళ్ళ తరువాత కూడా ఆ బురదలోంచి నూనె ఊరుతూనే ఉందని శాస్త్రవేత్తలు చూశారు. దూరం ఎందుకు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటిన రోజులలోనే చెన్నై ఎన్నూరు వాగులోకి నూనె చేరి మడచెట్ల మొదళ్ళకు నల్లగా పట్టింది. నీటిమీది తెట్టును మనుషులు చేతులతో ఎత్తారు. బురదలోకి ఇంకినదాన్ని ఎవరు ఎత్తగలరు?

ఇక చట్టాల మాట. చట్టాలకు మన దేశంలో ఎప్పుడూ లోటు లేదు. 1972 వన్యప్రాణి చట్టం, 1974 నీటి చట్టం, 1986 పర్యావరణ చట్టం, 1991 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్. అప్పటి రొయ్యల చెరువుల జోరు మీకు తెలుసు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతివి కాని రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2005లో తీర ప్రాంత ఆక్వా చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. 2011, 2019 నోటిఫికేషన్లలో వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడకు చుట్టూ 50 మీటర్ల రక్షణ అన్నారు. అయినా 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ ఉన్న భూమిని ఇళ్ళ స్థలాల కోసం చదును చెయ్యడం జరిగింది, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవాడికి ఇల్లు కావాలి, కాదనను. ఉప్పెనకు ఎదురుగా కట్టిన ఇల్లు ఎవరిని కాపాడుతుంది?

ఇందులో నాకు కనిపించిన అసలు లోపం ఒకటి. అభయారణ్యం హద్దురాళ్ళు గొడ్డలిని ఆపుతాయి గాని నీటిని ఆపవు. ఫ్యాక్టరీ వదిలే నీటికీ, చెరువు వదిలే నీటికీ పరిమితులు ఉన్నాయి. అడుగు బురదలో ఏది ఎంత ఉంటే ప్రమాదమో చూడడానికి మాత్రం మన పరిశోధకులు అమెరికా, కెనడా వాళ్ళు వేసుకున్న కొలతలతో పోల్చుకుంటున్నారు. ముసలాయన ప్రశ్న ఇంకా పెండింగులోనే ఉందన్న మాట.

ఆ సంక్రాంతి వెళ్ళాక నేను కాకినాడ వెళ్ళాను. మనవరాలు తోడు వచ్చింది. కోరంగిలో చెక్కవంతెన మీద నడిచి, పాటు సమయాన బయటపడ్డ శ్వాసవేళ్ళు చూశాం. తరువాత ఆటో మాట్లాడుకుని ఆ పేటకు పోయాం. ముసలాయన పోయి చాలా ఏళ్ళయిందట. కొడుకు మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. నేనెవరో చెప్పాను. అర్జీ సంగతి అడిగాను.

"నాన్న దాచాడండి ఆ కాగితం" అని లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తీశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేషన్ కార్డు, పట్టాల నకళ్ళతోపాటు ఉంది. 1996 నవంబరు 6 తుపానులో ఇల్లు కూలినా ఆ సంచి మాత్రం దొరికిందట. విప్పి చూస్తే నా దస్తూరీ. 'పరిమితులకు లోబడి ఉన్నందున తదుపరి చర్య అవసరం లేదు.' మా ఆఫీసు ప్రతి ఏడాదికే చిరిగిపోయి ఉంటుంది. వాళ్ళ ప్రతి ముప్పై ఏళ్ళు బతికింది.

"నాన్న ఎందుకు దాచాడు?" అని అడిగాను. "గవర్నమెంటు కాగితం కదండీ, ఎప్పుడో అక్కరకొస్తుందన్నాడండి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"పీతలు ఎలా ఉన్నాయి?" అన్నాను కాసేపటికి. "దొరుకుతాయండి. నాన్న రోజుల్లో ఇంటెనకాలే పట్టేవోళ్ళం. ఇప్పుడు పడవేసుకుని దూరం పోవాలండి" అన్నాడు. దానికి కారణం బురదో, వలలు పెరగడమో, మడ తగ్గడమో నేను చెప్పలేను. చెప్పగలిగే పరీక్షను ఆనాడు అడగకుండా వదిలేసినవాణ్ణి నేనే.

పెద్దలారా, ఈ రోజు మనం ఎందుకు కలిశాం? 1982 డిసెంబరు 17న నకారా కేసులో, పెన్షన్ దయతో వేసే భిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి. ఒక విశ్రాంత ఉద్యోగి కాగితం పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కబట్టే మన ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. కాగితం విలువ మనకన్నా ఎవరికి తెలుసు? అందుకే మూడు మనవులు చేసి కూర్చుంటాను.

మొదటిది, ఇంటి పని. మన ఇళ్ళల్లో గడువు తీరిన మాత్రలు దండిగా ఉంటాయి. వాటినీ, టార్చి బ్యాటరీలనూ, పగిలిన ట్యూబులైట్లనూ కాలువలో వెయ్యకండి. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. మన కాలువ వరాహలోకి పోతుంది, వరాహ సముద్రంలోకి.

రెండవది, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. పది రూపాయల ఫీజు. మన జిల్లా తీరంలో, కోరంగిలో, అడుగు బురదను ఎవరు, ఎన్నాళ్ళకొకసారి పరీక్షిస్తున్నారు, ఫలితం ఏమిటి అని మన సంఘం తరఫున అడుగుదాం. ముసాయిదా నేను రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను. తప్పులుంటే దిద్దండి. దిద్దడం మనకు కొత్త కాదు.

మూడవది, పూడిమడక, పెంటకోట వంటి తీరపు ఊళ్ళు మన జిల్లాలోవే. అక్కడివారికి కష్టం ఉంటుంది, అర్జీ రాయడం రాదు. మనకు రాయడం వచ్చు, తీరిక ఉంది. నెలకొక రోజు ఇద్దరు ముగ్గురం వెళ్ళి కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెడదాం. 'నీరు' అని కాదు, వాళ్ళు 'బురద' అంటే 'బురద' అనే రాద్దాం.

ఆ పేట నుంచి బయలుదేరేటప్పుడు ముసలాయన కొడుకు ఆ కాగితాన్ని నాకు ఇవ్వబోయాడు. వద్దన్నాను. నకలు మాత్రం తీసుకున్నాను. ఇదిగో, నా జేబులో ఉంది. దీనిమీద నా ఎండార్స్‌మెంటు తప్పు అని, మళ్ళీ పరీక్ష చెయ్యవలసిందని కొత్త అర్జీ రాసి, అతని వేలిముద్ర పక్కన సాక్షిగా నా సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకా జవాబు రాలేదు. రిమైండరు ఎప్పుడు వెయ్యాలో నాకు తెలుసు.